మొండి గుఱ్ఱము

1962వ సంవత్సరము నాటికి తెనాలి రైలుస్టేషను ముంగిట జట్కాబండ్లు ఇంకను బారులుతీరి నిలుచుచుండెను. గుంటూరునుండి గాని రేపల్లెనుండి గాని రైలు వచ్చి ఆగగానే జట్కావాండ్రు చేతులూపి ప్రయాణికులను పిలుచుచుండిరి. సైకిలు రిక్షాలు అప్పటికే వచ్చియుండెను. రిక్షాకు దాణా అక్కఱలేదు. పనిలేని దినమున గోడకు చేరవేసిన చాలును. గుఱ్ఱము సంగతి అట్లు కాదు. బేరము తగిలినను తగులకున్నను దానికి ఉలవలు ఉడుకవలెను, పచ్చగడ్డి తేవలెను, కాళ్లకు లాడములు కొట్టింపవలెను. అందువలన గుఱ్ఱమొక్కటి చెడినచో కుటుంబమొకటి చెడినట్లే.

ఆ బారులో చిట్టచివర నిలుచు బండి ఒక సాయిబుది. అతనికి ఏబదియైదేండ్లు. ముప్పదియేండ్లుగా పగ్గములు పట్టుటచే అరచేతులు కాయలు కాచియుండెను. తోటివారు అతనిని సాయిబుగారనియు, పిల్లలు తాత యనియు పిలుచుచుండిరి. ఇంటియందు భార్యయు, తల్లిదండ్రులు లేని మనుమడును ఉండిరి. మనుమడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. పాత గుఱ్ఱము ముసలిదై మరణింపగా సాయిబు తన భార్య వెండి కడియములు అమ్మి, చాలని సొమ్మునకు అప్పుచేసి, మూడువందల రూపాయలకు ఒక ఆడుగుఱ్ఱమును కొనెను. అది గోధుమవన్నెది, ఆరేండ్ల ప్రాయముది. ఇట్టి పొట్టిగుఱ్ఱములను తట్టువలందురు. భుజమునొద్ద ఎత్తు సుమారు 147 సెంటీమీటర్లకు మించనివి సాధారణముగా ఈ కోవలోనికి వచ్చును. సాయిబు కొన్నది అంతకంటెను చాల పొట్టిది.

అమ్మినవాడు దాని గుణములన్నియు వర్ణించెను. దోషములను మాత్రము దాచెను. అవి నెలదినములలో ఒక్కొక్కటియే బయటపడెను. కళ్లెము పెట్టబోయినచో చేయి కఱచును. బండికి కట్టిన పిదప తల విదిలించుచు, ముందునకు నడపినకొలది వెనుకకు నడచును. ఈ రెండును జట్కావాండ్రెఱిగిన దుర్గుణములే. మూడవది మాత్రము వింతయైనది. కాలువ వంతెన కనబడగానే అది నాలుగు కాళ్లను నేలలో పాతినట్లు నిలిచిపోవును. తెనాలి నడుమ మూడు కాలువలు పాఱుచున్నవి. వంతెన దాటకుండ ఆ యూరిలో జట్కా తోలి బ్రదుకుట యెట్లు?

సాయిబు క్రూరుడు కాడు. అయినను బేరము చేజాఱుచుండగా, ప్రయాణికులు దిగి రిక్షా ఎక్కుచుండగా, ఎంతటి శాంతునికైనను చేయి చబుకు మీదికి పోవును. అతడును కొట్టెను. కొట్టిననాడు గుఱ్ఱము ఒకప్పుడు వంతెనపై పిచ్చిగా పరుగెత్తెడిది, ఒకప్పుడు మఱింత వెనుకకు జరిగెడిది. వీథిలోనివారు దానికి "మొండిది" అని పేరుపెట్టిరి. పేరు పెట్టుట సులభము. పెట్టిన పిదప కారణము వెదకు శ్రమ తప్పును.

శ్రావణమాసములో ఒక సాయంకాలము ఆపద సంభవించెను. ఒక వృద్ధురాలు కూరగాయల బుట్టతో ఆ జట్కా ఎక్కెను. వంతెన మొదట గుఱ్ఱము నిలిచెను. సాయిబు అదలించెను. అది తల పైకెత్తి, వెనుకకు అడుగులు వేసి, బండిని కాలువ గట్టు వాలునకు త్రోసెను. చక్రము రాతికి తగిలి ఆగుటచే బండి నీటబడలేదు కాని, వృద్ధురాలు క్రిందపడి మణికట్టు విఱుగగొట్టుకొనెను. జనము గుమిగూడిరి. కొందఱు సాయిబును తిట్టిరి, కొందఱు గుఱ్ఱమును తిట్టిరి. సాయిబు తన తలగుడ్డ చించి ఆమె చేతికి కట్టి, మఱియొకరి బండిలో ఆసుపత్రికి తీసికొనిపోయెను.

ఆ రాత్రినుండి ఆ యింట ఒక్కటే ప్రశ్న. ఈ గుఱ్ఱమును ఏమి చేయవలెను?

సలహాలకు కొదువలేదు. నాలుగు దినములు మేత మాన్పించి, ఐదవనాడు బాగుగా బాదినచో దారికి వచ్చునని ఒకడు చెప్పెను. పెండ్లి ఊరేగింపులకు అద్దెకిమ్మని మఱియొకడనెను. బాజాల నడుమను, బాణసంచా నడుమను ఆ గుఱ్ఱముపై పెండ్లికుమారుని కూర్చుండబెట్టుట యెంతటి సాహసమో ఆ పెద్దమనుష్యునికి తోచలేదు. రాత్రివేళ ఊరి వెలుపల విడిచిపెట్టి రమ్మని వేఱొకడు చెవిలో చెప్పెను. జంతువును ఆకలిదప్పులకు వదలివేయుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టమునుబట్టి నేరము. సాయిబునకు చట్టము తెలియదు. అయినను అతడు ఆ మాటకు లేచి వెడలిపోయెను.

ఈ సలహాలలో నిజముగా పనికివచ్చునట్లు తోచినది ఒక్కటే. పశువుల దళారి ఒకడు ఇంటికి వచ్చి గుఱ్ఱము చుట్టు తిరిగి చూచి, రెండువందల ఇరువది రూపాయలు చేతిలో పెట్టెదననెను.

"సంతలో నువ్వు నాపక్కన నిలబడితే చాలు సాయిబూ. గుఱ్ఱం ఎట్లాంటిదని ఎవరైనా అడిగితే మంచిదే అను. అంతకంటె ఒక్కమాట అక్కఱలేదు."

తనకు జరిగిన దానినే మఱియొకనికి చేయుట. ఇందులో క్రొత్త పాపమేమున్నది? అప్పులవాడు వాకిట కూర్చుండినప్పుడు ఇట్టి వాదము ఎంతో న్యాయముగా తోచును. సాయిబు రెండువారములు గడువడిగెను.

మఱునాడు అతడు వృద్ధురాలిని చూడబోయెను. పండ్లు కొనుటకు డబ్బులేక తన పెరటి నిమ్మకాయలు నాలుగు పట్టుకొనిపోయెను. ఆమె చేతికి కట్టు కట్టియుండెను. ఆమె కోపపడలేదు, క్షమించితిననియు చెప్పలేదు. నిమ్మకాయలు ప్రక్కన పెట్టించి ఇట్లడిగెను: "నా చెయ్యి సంగతి అట్లా ఉంచు నాయనా. రేపు ఆ బండిలో మళ్లీ ఎవరిని ఎక్కించుకుంటావు?"

సాయిబు సమాధానము చెప్పలేకపోయెను. తిట్టియున్నచో అతనికి కొంత తేలికగా నుండెడిది.

ఇంతలో మనుమడు ఒక సంగతి గమనించెను. ఆ దినములలో బడిలో తెలుగు అయ్యవారు నలోపాఖ్యానము చెప్పుచుండిరి. బాహుకుడను పేరుతో ఋతుపర్ణుని కొలువున నున్న నలుడు, దూర ప్రయాణమునకు గుఱ్ఱములను ఏఱుచు, చూచుటకు బక్కచిక్కినవానిని ఏఱెను. రాజు పరిహసించెను. నలుడు మాత్రము పైకి కనబడు పుష్టిని చూడక, లక్షణములను పరీక్షించి ఏఱెను. ఈ కథ విన్నపిమ్మట పిల్లవాడు సాయంకాలములందు గుఱ్ఱపుశాలలో కూర్చుండి, మేత మేయుచున్న గుఱ్ఱమును ఊరక చూచుట మొదలిడెను. ఊరక చూచుట పెద్దలకు తీఱిక లేని పని.

గుఱ్ఱము గడ్డి నమలుచు తల ఒకవైపునకు వాల్చుచుండెను. సగము నమలిన గడ్డి ఉండలై నోటినుండి జాఱిపడుచుండెను. లద్దెలో ఉలవలు నలుగకయే వచ్చుచుండెను. ఎడమ దవడ నిమిరినచో ఓర్చుకొనును. కుడి దవడకు చేయి తగులగానే చెవులు వెనుకకు వాల్చి కఱవబోవును.

"తాతా, దానికి నోరు నొప్పేమో!" అని పిల్లవాడనెను.

ముప్పదియేండ్ల అనుభవము గల సాయిబు మొదట ఆ మాట కొట్టివేసెను. తెల్లవాఱుజామున తానే దీపము పట్టుకొనిపోయి నేలపై పడిన గడ్డి ఉండలను ఏఱి చూచెను. ఉదయమే గుఱ్ఱమును పశువుల ఆసుపత్రికి నడిపించుకొనిపోయెను.

వైద్యుడు దాని నోటిని తెఱచిపట్టు ఇనుప చట్రమును అమర్చి, లోపలికి వెలుతురు వేసి చూచి, సాయిబును దగ్గఱకు పిలిచి చూపెను. గుఱ్ఱము పండ్లు ఆవు పండ్లవలె చదునుగా నమలుటకే ఏర్పడినవి. అవి అఱుగుచున్నకొలది చిగురునుండి పైకి జరుగుచుండును. దాని పైదవడ క్రిందిదవడకంటె వెడల్పు. అందుచే పై దంతముల వెలుపలి అంచులును, క్రింది దంతముల లోపలి అంచులును అఱుగక మిగిలి కత్తివలె పదునెక్కును. అవి బుగ్గను, నాలుకను కోయును. ఆ గుఱ్ఱపు కుడిబుగ్గ లోపల పుండు పడియుండెను. కళ్లెము లాగినప్పుడెల్ల పుండుపడిన బుగ్గ ఆ పదునైన అంచుల మీద ఒత్తుకొనుచుండెను. ఆ బాధను తప్పించుకొనుటకు దానికున్న మార్గములు రెండే: తల ఎత్తుట, వెనుకకు జరుగుట. వెనుకకు జరిగినకొలది సాయిబు పగ్గము మఱింత లాగెడివాడు.

సాయిబు చాలసేపు ఆ నోటిలోనికి చూచుచు నిలిచెను. తరువాత తన అరచేతులను చూచుకొనెను.

వైద్యుడు పొడవైన ఆకురాయితో ఆ పదును అంచులను రాచి, పుండు కడిగి, మూడువారములు కళ్లెము పెట్టరాదని చెప్పెను. మూడువారములనగా మూడువారముల కూడు. సాయిబు బియ్యపుమిల్లులో బస్తాలు కుట్టు పనికి పోయెను. భార్య పొరుగిండ్లలో పిండి విసరెను. దళారి వచ్చి గడువు దాటినదని చెప్పి, ధర ఇరువది రూపాయలు తగ్గించి, మరల వచ్చెదనని పోయెను.

పుండు మానిన పిదప కఱచుట నిలిచిపోయెను. వెనుకకు నడచుటయు నిలిచెను. ఇక్కడితో కథ ముగిసినచో ఎంతయో బాగుండును, చదువరులకును, సాయిబునకును. కాని వంతెన మిగిలియే యున్నది.

నొప్పి పోయినను భయము పోలేదు. వైద్యుడు మఱియొక సంగతి చెప్పెను. గుఱ్ఱము కన్నులు తలకు ఇరుప్రక్కల నుండును. అందుచే తల త్రిప్పకయే తన చుట్టు ఇంచుమించు అంతటిని చూడగలదు. సరిగా నుదుటి యెదుటను, తోక వెనుకను మాత్రము చూడలేదు. వెలుతురునుండి నీడకు మాఱినప్పుడు దాని చూపు సర్దుకొనుటకు మనుష్యుని చూపుకంటె ఎక్కువసేపు పట్టును. జట్కాగుఱ్ఱమునకు గంతలు కట్టుదురు గనుక ప్రక్కచూపును తగ్గిపోవును. అట్టి కన్నుల యెదుట, సాయంకాలపు ఏటవాలు ఎండలో వంతెన కటకటాల నీడ చారలుచారలుగా పడియుండును. ఆ చారలు దానికి గోతులవలె తోచెనో యేమో! క్రింద నీరు తళతళలాడును. గిట్టల చప్పుడు హఠాత్తుగా బోలుగా మాఱును.

ఇట్టి భయము చరిత్రకెక్కినది. గ్రీకు రచయిత ప్లూటార్కు చెప్పినదానినిబట్టి, బుసెఫలస్ అను గుఱ్ఱమును ఎవ్వరును లోబఱుచుకొనలేకపోగా మాసిడోనియా రాజు ఫిలిప్పు దానిని తీసికొనిపొమ్మని ఆజ్ఞాపించెను. బాలుడైన అలెగ్జాండరు అది తన నీడను చూచి బెదరుచున్నదని గ్రహించి, దాని ముఖమును సూర్యునివైపు త్రిప్పి, పిదప ఎక్కెను. ఆ గుఱ్ఱము అతనితో భారతదేశము వఱకు వచ్చి, క్రీ.పూ. 326లో జీలం నదీతీర యుద్ధము జరిగిన కాలమున మరణించెను. అయితే అలెగ్జాండరునకు ఆ గుఱ్ఱము లొంగకున్నను భోజనము దొరకును. సాయిబు స్థితి అట్టిది కాదు.

తాతయు మనుమడును ప్రతిదినము వేకువనే, బండ్ల రాకపోకలు లేనివేళ, గంతలు తీసివేసి గుఱ్ఱమును వంతెన యొద్దకు నడిపించిరి. మొదటిదినము అది ఇరువది అడుగుల దూరమున నిలిచెను. వారు లాగలేదు, నిలిచినంతసేపు తామును నిలిచిరి. అది ఒక్క అడుగు వేసినంతనే పగ్గము వదలు చేసి మెడ నిమిరిరి. పదునొకండవనాడు అది సాయిబు వెంట వంతెన దాటెను. పిల్లవాడు చప్పట్లు కొట్టబోయి, గుఱ్ఱము బెదరునని చేతులు వెనుకకు దాచుకొనెను.

నడిపించుకొని పోయినచో దాటును. బండికి కట్టి వెనుకనుండి తోలినచో మాత్రము ఒకప్పుడు దాటును, ఒకప్పుడు నిలుచును. కార్తికమాసమంతయు సాయిబు ఖాళీబండితో పరీక్షించి చూచెను. పదిసార్లలో తొమ్మిదిసార్లు దాటుచుండెను. తోటివారు అది చాలుననిరి. ఆ లెక్కకు లోబడి బేరములు కట్టువాండ్రు స్టేషను ముందు ఇంకను కొందఱుండిరి. సాయిబుగారి చెవిలో మాత్రము వృద్ధురాలి ప్రశ్నయే మ్రోగుచుండెను. పదవసారి బండిలో ఎవరుందురో ముందుగా ఎవరికి తెలియును?

మనుమడు ఇంకొక సంవత్సరము ఓపికపట్టుదమని ఏడ్చెను. వానికి ఆ గుఱ్ఱముపై ప్రాణము. పిల్లవాని మాటలో తప్పులేదు; ఇంకొక సంవత్సరమునకు ఆ పదవసారియు తీఱియుండునేమో. కాని సంవత్సరము పాటు ముగ్గురును గుఱ్ఱమును ఏమి తిని బ్రదుకవలెనో వాడు చెప్పలేకపోయెను.

సంక్రాంతి ముందఱ, సత్తెనపల్లి ప్రాంతమున ఊరూర తిరిగి బట్టలమ్ముకొను వర్తకుడొకడు చుట్టముల యింటికి తెనాలి వచ్చెను. అతడు బట్టల మూటలను తట్టువపై వేసి, తాను ముందు నడచుచు, దానిని వెంటబెట్టుకొని తిరుగువాడు. ఆ తట్టువ వానకాలములో చనిపోయినదని మాటల సందర్భమున చెప్పెను. సాయిబు ఆ మాట విని చాలసేపు మౌనముగా నుండెను. బండి లేదు, గంతలు లేవు, నోటిలో ఇనుము లేదు. ముందు ఒక మనుష్యుడు నడచును. ఆ గుఱ్ఱమునకు చేతనైన పని ఇదియే.

సాయిబు వర్తకుని ఇంటికి పిలిచి, గుఱ్ఱము దోషములన్నియు వరుసగా ఏకరువు పెట్టెను. కఱచిన సంగతి, వెనుకకు నడచిన సంగతి, వృద్ధురాలి చేయి విఱిగిన సంగతి, వంతెన సంగతి. ఆఱునెలలకొకసారి నోరు చూపింపవలెననుట. అమ్మువాడే సరుకును ఇంతగా నిందించుట వర్తకుడు తన జన్మలో వినియుండలేదు. అందులో ఏదో మోసమున్నదని కూడ అనుమానించెను. మఱునాటి వేకువ స్వయముగా నడిపించి చూచిన పిదప నూటయిరువది రూపాయలకు ఒప్పుకొనెను. అందులో సగము రొక్కము, సగము ఉగాదికి. దళారి తగ్గించి చెప్పిన ధరకంటెను ఎనుబది రూపాయలు తక్కువ. సాయిబు భార్య తన బోసి కాళ్లవంక ఒకసారి చూచుకొనెను గాని కాదనలేదు.

1963వ సంవత్సరము సంక్రాంతి వెళ్లిన తరువాత సాయిబు తానే గుఱ్ఱమును నడిపించుకొని బయలుదేఱెను. గుంటూరు మీదుగా సుమారు అరువది కిలోమీటర్ల దారి. త్రోవలోని వంతెనల యొద్ద తొందరపడక, ఎండ ఏటవాలుగా పడువేళల చెట్టుక్రింద ఆగుచు రెండుదినములు నడచెను. తిరిగి వచ్చునప్పుడు భుజముపై కళ్లెము మాత్రముండెను. ఆ పిమ్మట అతడు ఇతరుల జట్కాను వంతుకు తోలెను. స్వంత గుఱ్ఱము మరల కొనలేదు. ఇతరుల గుఱ్ఱములు మొండికెత్తినప్పుడు మాత్రము జట్కావాండ్రు అతనిని పిలువసాగిరి. అతడు చబుకు ప్రక్కన పెట్టించి, మొదట నోరు తెఱపించి చూచెడివాడు.

ఆ వర్తకుని ప్రాంతమున అప్పటికి కాలువలు లేవు. మెట్టనేల, జొన్నచేలు. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1967వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. ఆ వార్త విన్నప్పుడు తెనాలిలో అందఱును మాగాణియగు భూముల గుఱించి మాటలాడుకొనుచుండిరి. సాయిబునకు మాత్రము మఱియొకటి తోచెను. కాలువ వచ్చినచో వంతెనయు వచ్చును.

రెండేండ్లకు వర్తకునినుండి ఒక కార్డు వచ్చెను. మనుమడు అప్పటికి కళాశాల చదువు ముగించి ఉద్యోగము వెదకుకొనుచుండెను. సాయిబు కన్నులకు పొరలు క్రమ్మియుండుటచే వాడే బిగ్గఱగా చదివెను. తమ ఊరి ప్రక్కగా పిల్లకాలువ త్రవ్విరనియు, దానిపై చిన్న వంతెన కట్టిరనియు, మొదటిదినము గుఱ్ఱము దాని యెదుట నిలిచిపోయినదనియు వర్తకుడు వ్రాసెను. తానును దానితోపాటు నిలిచితిననియు, పిదప అది తనంతట తానే వెంట నడచి వచ్చినదనియు అందులో నుండెను.

"ఎంతసేపు నిలబడిందట?" అని సాయిబు అడిగెను.

మనుమడు కార్డు త్రిప్పి చూచెను. "తమలపాకులు వేసుకునేంత సేపట, తాతా."